టీ పొడి కంపెనీకి కాగితాలు అచ్చు వేయించే ముందు

అమ్మాయీ,

డిజైనరు పంపిన నమూనాలు చూశాను. బాగున్నాయి, కానీ తెర మీద చూసుకోవడానికి గీసినట్టున్నాయి. నీ కాగితాలు తిరిగేది టీ కొట్టు బల్లల మీద, లారీ ఆఫీసుల్లో. తడి చేతులు తగులుతాయి, వాటి మీదే బాల్ పెన్నుతో రేట్లు రాస్తారు.

ముందు రంగు సంగతి. డికాక్షన్ రంగును నాలుగు రంగుల అచ్చులో పట్టడం కష్టం. నాలుగు ఇంకులు కలిస్తేనే ఆ గోధుమ రంగు వస్తుంది. ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా ఒక లాటు ఎర్రగా, ఇంకో లాటు పచ్చగా దిగుతుంది. సన్న అక్షరాల అంచులు కూడా అలుక్కుపోతాయి. అందుకే నలుపు, దానికి తోడు పాంటోన్ (ఇంకు రంగుల పట్టిక) నంబరు చెప్పి కలిపించిన ఒక్క గోధుమ రంగు, ఈ రెండే పెట్టించు. అదే ఇంకు మామూలు బాండ్ కాగితం మీద పీల్చుకుపోయి మసకగా, నున్నటి పూత ఉన్న ఆర్ట్ కార్డు మీద మెరుస్తూ కనిపిస్తుంది కాబట్టి ప్రూఫ్ (అచ్చుకి ముందు చూపే నమూనా) అసలు కాగితం మీదే అడుగు.

రెండాకులూ మొగ్గా బొమ్మ టీ కంపెనీలన్నిటికీ ఉన్నదే. మొగ్గ తీసేశావా, తమిళనాడులో అది అన్నాడీఎంకే గుర్తు! నీలగిరి టీకి కూనూరు వెళ్ళేదానివి, గుర్తుంచుకో. డార్జిలింగ్ లోగో టీ బోర్డు అనుమతి లేకుండా వాడకూడదు. ట్రేడ్‌మార్కు రిజిస్టరయ్యేదాకా పేరు పక్కన టీఎం అనే వేయించు. వృత్తంలో ఆర్ ముందే వేస్తే నేరం.

లెటర్‌హెడ్‌కి 100 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) బాండ్ చాలు. పేరూ చిరునామా పైన 40 మిల్లీమీటర్లకు మించి తినకూడదు, ఎడమ పక్క ఫైలు చిల్లులకి 25 వదులు. ఉబ్బెత్తు ఇంకు, బంగారు ఫాయిల్ వద్దు, లేజర్ ప్రింటర్ వేడికి కరిగి అంటుకుంటాయి. మధ్యలో ఆ కప్పు నీడబొమ్మ తీసేయించు, జిరాక్సులో నల్లబడి అక్షరాలను మింగేస్తుంది. 500 కాపీలు చాలు, గోడౌన్ అడ్రసు ఎప్పుడు మారుతుందో ఎవరికి తెలుసు.

నీది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి 2013 కంపెనీల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు నంబరు), ఫోను, ఈమెయిల్ లెటర్‌హెడ్ మీదా బిల్లు మీదా ఉండాలి. వెబ్‌సైట్ ఉంటే అదీ. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు తప్పనిసరి. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి (ఆంధ్రకు 37, తెలంగాణకు 36), తర్వాతి పది నీ కంపెనీ పాన్. పాన్ కార్డు పక్కన పెట్టుకుని సరిచూడు. సున్నాకి బదులు ‘ఓ’ అక్షరం పడటం మామూలే.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది బిల్లు బుక్కు గురించి. కార్బన్ అక్కర్లేని కాగితంతో మూడు కాపీలు: తెల్లది కొన్నవాడికి, గులాబీది లారీవాడికి, పసుపుది నీకు. గ్రేడు (టీ పొడి రకం) గడి వెడల్పుగా ఉంచు, ‘సూపర్ ఫైన్ డస్ట్’ అని పూర్తిగా రాయగలగాలి. బస్తాలు, కిలోలు వేర్వేరు గడుల్లో పెట్టించు; ఒకే గడిలో రాస్తే తగాదాలొస్తాయి. టీకి జీఎస్టీలో వాడే సరుకు కోడు హెచ్‌ఎస్‌ఎన్ 0902 ముందే అచ్చేయించు. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు. ఆ పుస్తకాల మీద బరువులు పెట్టకు, నొక్కుకుని మరకలు పడతాయి.

విజిటింగ్ కార్డు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద వేయించి, ముందు వైపు మాత్రమే లామినేషన్ చేయించు. రెండు వైపులా చేస్తే పెన్ను జారుతుంది, కొట్టువాడు రేటు రాసుకోలేడు. శాంపిల్ ప్యాకెట్ స్టిక్కరు కూడా రాయడానికి వీలైన కాగితమే, అందులో గ్రేడు, ప్యాక్ చేసిన తేదీ, రేటు గడులు ఖాళీగా ఉండాలి. కొత్తగా అచ్చయిన కార్డు టీ పొడిలో మాత్రం వేయకు. టీ పొడి ఏ వాసననైనా ఇట్టే లాగేస్తుంది, కప్పులో ఇంకు వాసనొస్తే ఆ గిరాకీ పోయినట్టే. అచ్చు కట్టలు గోడౌన్‌లో కూడా దించకు.

కవరు 9×4 అంగుళాలది అన్నారు. మూడు మడతల ఏ4 అందులో బిగుసుకుంటుంది. 220×110 మిల్లీమీటర్లది అడుగు.

ప్రెస్సుకి ఫైలు ఇచ్చేటప్పుడు తెలుగు అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్పించు, లేకపోతే వాళ్ళ కంప్యూటర్లో ఫాంటు లేక వత్తులు చెదురుతాయి. ఆఖరి ప్రూఫ్ మీద సంతకం పెట్టేముందు నాకొకటి పంపు, నంబర్లు నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
బాబాయి