మీరు అడిగారు: రాయబారి పదవి, పని

రాష్ట్రపతి భవన్‌లో విదేశీ రాయబారులు రాష్ట్రపతికి ఒక కవరు అందిస్తుంటారు. అందులో ఏముంటుంది? పేరు ప్రకటించగానే రాయబారి అయిపోరా?
– ఒక పాఠకుడు, ఏలూరు

అయిపోరు. ఆ కవరులో ఉండేది పంపిన దేశాధినేత మన రాష్ట్రపతికి రాసిన లేఖ. ‘ఈయన మా ప్రతినిధి, ఈయన మాటను మా మాటగా నమ్మండి’ అన్నది దాని సారాంశం. పాత రాయబారిని వెనక్కి పిలిచామని తెలిపే లేఖనూ సాధారణంగా దాంతోపాటే ఇస్తారు.

అసలు కథ అంతకుముందే నడుస్తుంది. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందం నాలుగో అధికరణం ప్రకారం, ఫలానా వ్యక్తిని పంపాలనుకుంటే ముందు అవతలి దేశం ఒప్పుకోవాలి. అందుకని పేరు, వివరాలు గుట్టుగా పంపుతారు. వద్దంటే కారణం చెప్పక్కర్లేదు. చాలాసార్లు వద్దని కూడా అనరు, జవాబివ్వకుండా ఊరుకుంటారు. అంగీకారం రాకముందే పేరు బయటపెడితే రెండు దేశాలకూ ఇబ్బందే. 2015లో ఇజ్రాయెల్ డానీ దయాన్‌ను బ్రెజిల్‌కు రాయబారిగా ప్రకటించింది. బ్రెజిల్ నెలల తరబడి ఒప్పుకోలేదు. చివరికి 2016లో ఆయన్ని న్యూయార్క్‌కు కాన్సుల్ జనరల్‌గా, అంటే అక్కడి ఇజ్రాయెల్ కాన్సులేట్ అధిపతిగా, పంపాల్సి వచ్చింది.

రాయబారి వచ్చాక లేఖ నకలు విదేశాంగ శాఖకు ఇవ్వాలి. అసలు లేఖ ఎవరు ముందు అందించాలన్నది వాళ్లు దేశంలో అడుగుపెట్టిన తేదీని, గంటను బట్టి ఉంటుంది. విందులో కుర్చీల వరస దాకా ఈ లెక్క పనిచేస్తుంది.

తెలుగు మీడియంలో చదివితే విదేశాంగ సర్వీసుకు వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

వెళ్లొచ్చు. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే ఇవ్వొచ్చు. అయితే ప్రశ్నపత్రాలు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి. 300 మార్కుల ఇంగ్లిష్ పేపరులో 25 శాతం తెచ్చుకోకపోతే మిగతావి దిద్దినా లెక్కలోకి రావు. చేరాక ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్వాలి. తొలి మెట్టు అయిన థర్డ్ సెక్రటరీగా మొదలైతే రాయబారి కావడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది.

గల్ఫ్‌లో మా తమ్ముణ్ని అరెస్టు చేశారు. రాయబారికి రాస్తే విడిపిస్తారా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

విడిపించే అధికారం రాయబారికి లేదమ్మా. అక్కడి కోర్టులు అక్కడి చట్టాన్నే నడుపుతాయి. ఎంబసీ వాళ్లు జైల్లో కలవగలరు, లాయరు విషయంలో సాయపడగలరు, కేసు ఎంతవరకు వచ్చిందో కనుక్కోగలరు. కాన్సులేట్ల పనిపై 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం, అరెస్టయిన మనిషి కోరితే అక్కడి పోలీసులు మన ఎంబసీకి గానీ కాన్సులేట్‌కు గానీ ఆలస్యం చేయకుండా కబురు పంపాలి. కాబట్టి ఫోన్ దొరికితే మీ తమ్ముడికి మొదట చెప్పాల్సింది ఇదే: ‘మా ఎంబసీకి చెప్పండి’ అని తనే అడగాలి.

విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఒట్టి పేరు రాస్తే ఆ పేరున్నవాళ్లు ఎందరో ఉంటారు, అక్కడే పని ఆగిపోతుంది. పాస్‌పోర్టు నంబరు, అకామా (నివాస అనుమతి) నంబరు, కఫీల్ (వీసా స్పాన్సర్) లేదా కంపెనీ పేరు, ఊరు, అరెస్టయిన తేదీ ఇవ్వండి. ఏ ఆఫీసుకు రాయాలో కూడా చూసుకోండి. దుబాయ్, షార్జా, అజ్మాన్ కేసులు దుబాయ్ కాన్సులేట్ చూస్తుంది, అబుదాబి ఎంబసీ కాదు. సౌదీలో జెడ్డా వైపైతే జెడ్డా కాన్సులేట్, రియాద్ అయితే ఎంబసీ.