మందు లేకుండా ఏడీహెచ్‌డీతో నెట్టుకురావచ్చా? పలాస నుంచి నా ఆరేళ్ల అనుభవం

శ్రీకాకుళంలో డీఎస్సీకి చదువుతున్నానని, పుస్తకం తెరిచిన పది నిమిషాలకే మనసు ఎటో పోతోందని రాశారు. డాక్టరు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక పరాకు ఎక్కువగా ఉండే సమస్య) అని చెప్పి మందు రాస్తే ఇంట్లోవాళ్లు “పిచ్చి మందులు” వద్దంటున్నారని, మందు లేకుండా కుదురుతుందా అని అడిగారు.

నేను ఆరేళ్లుగా మందు లేకుండానే ఉన్నాను. అది నేను కోరి తెచ్చుకున్నది కాదు. నాకు ముందే బీపీ ఉంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెట్టాక బీపీ, గుండె వేగం రెండూ పెరిగాయి, డాక్టరే ఆపించారు. కానీ వాడిన ఆ కొద్ది రోజుల్లో, మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా కుర్చీలో కూర్చోవడం ఎలా ఉంటుందో జీవితంలో మొదటిసారి చూశాను. అందుకే మందు చెడ్డదని నా నోట రాదు. ఈ సమస్యకు ఎక్కువమందికి బాగా పనిచేసేది ఇప్పటికీ మందే. మీవాళ్ల భయం అలవాటు పడిపోతారనా, నలుగురికీ తెలుస్తుందనా? ఏదైనా సరే, ఈసారి వాళ్లను కూడా వెంట తీసుకెళ్లి డాక్టరునే అడగనివ్వండి. వాడుతూ ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి.

ఇక నా సంగతి. పలాసలో జీడిపప్పు వ్యాపారంలో లెక్కలూ లోడింగూ చూస్తాను. చిన్నప్పుడు మా అమ్మ నన్ను “పరాకు గుంటడు” అనేది. ఉప్పు తెమ్మంటే కొట్టు దాకా వెళ్లి, ఎందుకు వచ్చానో తెలియక నిలబడిపోయేవాణ్ణి. అందరూ అశ్రద్ధ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. 33 ఏళ్లు వచ్చేదాకా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

వెళ్లేలా చేసింది ఒక లారీ. ఆ రోజు విజయవాడకు 10 కిలోల టిన్నుల లోడు వెళ్లాలి. సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తియ్యాల్సిన జీఎస్టీ పత్రం, అంటే ఈ-వే బిల్లు తీశాను. చివరి నిమిషంలో లారీ మారింది. కొత్త లారీ నంబరు ఆ బిల్లులో వాహనం వివరాలుండే పార్ట్-బిలో మార్చాలి. మర్చిపోతానని ఆ నంబరు అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. ఆఫీసు గదిలోకి వెళ్తుంటే ఎవరో టిన్నుల లెక్క అడిగారు. అటు తిరిగాను. అంతే. మడపాం టోల్‌గేటు దాటాక తనిఖీలో లారీని ఆపేశారు. రాత్రి డ్రైవరు ఫోన్ చేసినప్పుడు నా అరచెయ్యి చూసుకున్నాను. నంబరు అలాగే ఉంది. చెమటకు చివరి అంకె ఒక్కటే కాస్త చెదిరింది.

ఆ రాత్రి నేను పడిన బాధ ఇంకా గుర్తుంది. చెయ్యాల్సింది నాకు తెలుసు, చేతి మీద కూడా ఉంది, అయినా చెయ్యలేదు. ఏడీహెచ్‌డీ మీద దశాబ్దాలుగా పనిచేసిన అమెరికా సైకాలజిస్టు రస్సెల్ బార్క్‌లీ చెప్పే ముఖ్యమైన మాట ఇదే: లోపం తెలియకపోవడంలో లేదు, తెలిసింది ఆ సమయానికి చెయ్యడంలో ఉంది. కాబట్టి “శ్రద్ధగా ఉండు” అన్న మాట మనకు పనికిరాదు. సాయం ఎక్కడ పని జరుగుతుందో అక్కడే, ఆ నిమిషంలోనే ఎదురుపడాలి.

ఇప్పుడు మా గేటు తాళం చెవి నా దగ్గర ఉండదు, వాచ్‌మన్ తాత దగ్గర ఉంటుంది. గేటు పక్కన మేకుకు ఒక అట్ట వేలాడదీశాం. బిల్లు, లారీ నంబరు, పార్ట్-బి, డ్రైవరు ఫోన్ అని దాని మీద నాలుగు గళ్లు. ప్రతి లారీకీ నేను నాలుగూ పైకి చదివి సుద్దతో టిక్కు పెట్టాలి. తాతకు చదువు రాదు, టిక్కులు లెక్కపెడతాడు. నాలుగు లేకపోతే తాళం తియ్యడు, ఓనరు వచ్చి చెప్పినా తియ్యడు. నా జ్ఞాపకశక్తి ఆరేళ్లలో రవ్వంత కూడా పెరగలేదు. లారీ మాత్రం మళ్లీ ఆగలేదు.

మీ చదువుకూ ఇదే పద్ధతి. “ఈ రోజు విద్యా దృక్పథాలు చదవాలి” అని రాసుకోకండి, అది చూడగానే మనసు పారిపోతుంది. “టీ గ్లాసు కింద పెట్టగానే మూడో పాఠం తెరిచి మొదటి పేరా పైకి చదవాలి” అని రాయండి. ఆ కాగితం కూడా డైరీలో కాకుండా టీ గ్లాసు పెట్టే చోట అంటించండి. 25 నిమిషాలు చదివి 5 నిమిషాలు ఆగమనే పద్ధతి ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లోది, చాలామంది అదే చెబుతారు. నాకు 25 ఎక్కువ, 12తో మొదలుపెట్టాను. టైమర్ ఫోన్‌లో వద్దు, వంటింట్లో వాడే తిప్పుడు టైమర్ కొనండి. విరామంలో వీధి గుమ్మం దాకా నడవండి, నీళ్లు తాగండి. ఫోన్ ముట్టుకుంటే ఆ 5 నిమిషాలు గంటన్నర అవుతాయి.

నిద్ర, వ్యాయామం గురించి అందరూ చెబుతారు కాబట్టి పొడిగించను. ఉదయం అక్కుపల్లి రోడ్డులో ఒక గంట సైకిలు తొక్కిన రోజున మధ్యాహ్నం దాకా నా పని తేడా తెలుస్తుంది. ఫోన్ రాత్రి వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంటుంది, పడగ్గదిలోకి రాదు.

విశాఖలో ఒక సైకాలజిస్టు దగ్గర సీబీటీకి (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్సకు) 12 సార్లు కూర్చున్నాను, సగం వీడియో కాల్‌లోనే. పెద్దవాళ్లకు మందు కాకుండా ఉన్న దారుల్లో కాస్త గట్టి ఆధారం ఉన్నది దీనికే. పనులను ముక్కలు చెయ్యడం అక్కడే నేర్చుకున్నాను. అంతకంటే మేలు జరిగింది ఇంకో విషయంలో. ఒక తప్పు జరగ్గానే “నేనింతే” అనుకుని ఆ రోజంతా వదిలేసేవాణ్ణి. ఇప్పుడు ఆ గంట మాత్రమే పోతుంది.

మెమరీ పొడులు, ఏకాగ్రత మాత్రలు అని అమ్మేవి వద్దు. లోపల ఏముందో తెలియని పొడులు కిడ్నీలకు చేటు చెయ్యొచ్చు. ఉద్దానంలో ఏ వీధిలో అడిగినా డయాలసిస్ మాట వినబడుతుంది, మనకు ఇది ఒకరు చెప్పాలా? థైరాయిడ్, రక్తహీనత, నిద్రలేమి, డిప్రెషన్ కూడా ఇలాగే మతిమరుపూ పరాకూ తెస్తాయి. ఏడీహెచ్‌డీ అయితే లక్షణాలు 12 ఏళ్లలోపే కనబడి ఉండాలి. అందుకే మా డాక్టరు రక్తపరీక్షలు చేయించి, మా అమ్మను కూడా పిలిపించి నా చిన్నతనం అడిగారు. మీకు అవేవీ జరగకపోతే ఒకసారి అడగండి. బండి నడుపుతూ పరాకుతో దెబ్బలు తగులుతున్నా, బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా ఈ పద్ధతులతో కాలక్షేపం చెయ్యకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరగా, మీ ఇంట్లోవాళ్ల గురించి. నెలనెలా 11వ తేదీలోగా నేను జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్కల జీఎస్టీ రిటర్ను) వెయ్యాలి. ఆ లెక్కలు ఒంటరిగా ఒక్కసారి కూడా సరిగ్గా ముగించలేదు. ఇప్పుడు 9వ తేదీ రాత్రి మా అమ్మ నా బల్ల పక్కన చాప వేసుకుని, దీపానికి పత్తి వత్తులు చేసుకుంటూ కూర్చుంటుంది. లెక్కలు ఆమెకు తెలియవు. నేను లేస్తే తలెత్తి “ఏట్రా, అయిపోయిందా?” అంటుంది. మళ్లీ కూర్చుంటాను. రెండు గంటల్లో పని అయిపోతుంది. మీవాళ్లు మందు వద్దంటున్నారు కదా, రోజూ సాయంత్రం రెండు గంటలు మీ పక్కన అలా కూర్చుంటారేమో అడిగి చూడండి.