నాన్నను కుర్సురాకు తీసుకెళ్ళే ముందు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

బావగారికి విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూపిస్తానన్నావట, మంచి పని. సోమవారం సెలవు, ఆదివారం జనం తోసేస్తారు. మామూలు రోజున, తలుపు తీసే వేళకే వెళ్ళండి.

91 మీటర్ల పొడవుంది కదా అని లోపల విశాలంగా ఉంటుందనుకోకు. ఏడు అరలు, అరకూ అరకూ మధ్య గుండ్రటి ఇనుప తలుపు. ఆయన మోకాళ్ళకు ఇబ్బంది అక్కడే. నువ్వు ముందు దాటి అవతల నిలబడు. ఆయన రెండు చేతులతో అంచు పట్టుకుని, నొప్పి ఉన్న కాలు ముందు దాటించాలి. అప్పుడు బరువు బాగున్న కాలి మీద ఉండి, వంగేది కూడా అదే అవుతుంది. గడ్డం గుండెకు ఆనించి నడుం తేవాలి, రెండో కాలు ఆఖరున. చాలామంది ముందు తల దూర్చి, లేచేటప్పుడు నెత్తి కొట్టుకుంటారు. గొట్టాలు, వాల్వు చక్రాలు పట్టుకుని వేలాడొద్దు. బ్యాగు తీసుకెళ్ళకు.

చూపించేది రిటైరైన నేవీ వాళ్ళు. ముందు 6, వెనక 4 టార్పీడో గొట్టాలెందుకో అడగండి, ఓపిగ్గా చెబుతారు.

బయటికొచ్చాక వెంటనే వెళ్ళిపోకండి, అసలు పని అక్కడుంది: తుప్పు ఎక్కడ పడుతోందో చూడాలి. 1969 డిసెంబరు 18న నేవీలో చేరిన ఈ ఓడ 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉంది. ఓడ నీళ్ళలో ఉంటే, పొట్టకు బిగించిన జింకు దిమ్మలు ఇనుము బదులు తామే కరిగి కాపాడతాయి. గాలిలో జింకు దిమ్మలు పనిచేయవు, పెయింటు ఒక్కటే దిక్కు. వాన తగిలే వీపు కంటే, తగలని పొట్ట కిందే తుప్పు ఎక్కువ పడుతుంది. వీపు మీది ఉప్పును వాన కడిగేస్తుంది, కింద మాత్రం పేరుకుపోతుంది. కాబట్టి వంగి కింద నుంచి చూడండి. ఎర్రటి చార కనిపిస్తే అది ఆగిన చోటు కాదు, మొదలైన చోటు వెతకండి. పెయింటు పగిలింది అక్కడ.

పెయింటు బొబ్బ కనిపిస్తే పక్కన పది రూపాయల నాణెం (27 మిల్లీమీటర్లు) పెట్టి ఫొటో తీయి. గోటితో గిల్లకు, లోపలికి తేమ పోతుంది. ఉప్పు కడగకుండా పెయింటు వేస్తే, అడుగున ఉన్న ఉప్పు పెయింటు పొర దాటించి మరీ నీటిని లాగుతుంది, అందుకే బొబ్బలు. సరైన వరస ఇది: మంచినీళ్ళతో కడగడం, చిప్పింగ్ (తుప్పు, పాత పెయింటు కొట్టి రాల్చడం), వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దడం, మళ్ళీ కడిగి ఆరబెట్టడం, అదే రోజు ప్రైమర్ (మొదటి పూత), తర్వాత ఎపాక్సీ (గట్టి పై పూత). ఇనుము వేడి, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. తెల్లవారుజామున ఇనుముకు చెమట పడుతుంది గనుక, ఎండ ఎక్కాకే బ్రష్ ముట్టాలి.

ఫొటోలను తేదీతో, సముద్రం వైపో రోడ్డు వైపో, ముక్కు నుంచి ఎన్ని అడుగులో రాసి మ్యూజియం చూసే వి.ఎం.ఆర్.డి.ఎ.కి (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థకి) బావగారి చేత ఉత్తరం రాయించు. ఉద్యోగంలో ఉత్తరాలు రాసిన చెయ్యి, బాగా రాస్తారు. వచ్చే ఏడాది అదే నాణెం పట్టుకుని అదే బొబ్బ దగ్గరికి వెళ్ళండి.

మీ మామయ్య