మీడియేటర్ తేని పార్టీకీ కమీషన్ ఇవ్వాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా పాత ఫ్లాట్ అమ్మిపెట్టమని ఒక మీడియేటర్‌కు ఆరు నెలల గడువు, 2 శాతం కమీషన్‌తో కాగితం రాసిచ్చాం. నాలుగో నెలలో మా బంధువులు తెచ్చిన పార్టీకి 68 లక్షలకు ఇచ్చేశాం. కమీషన్ మొత్తం కట్టాలని ఆయన పట్టుబడుతున్నారు. రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) వెళ్లొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: రెరా పట్టించుకునేది ప్రాజెక్టుల అమ్మకాలను. మీ పాత ఫ్లాట్ గొడవ 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది, తేలకపోతే సివిల్ కోర్టుకు.

ముందు కాగితంలో ఒక్క వాక్యం వెతకండి. ‘ఈ గడువులో ఎవరి ద్వారా అమ్ముడైనా కమీషన్ ఇస్తాం’ అని ఉంటే మీ చేతులు కట్టేసుకున్నట్టే. ‘నా ద్వారా అమ్మితే’ అనే ఉంటే 219వ సెక్షన్ మీకు అండ: ఒప్పుకున్న పని పూర్తయితేనే ప్రతిఫలం. అయితే గడువు రాసిచ్చి, సరైన కారణం లేకుండా మధ్యలో ఆయన్ని తప్పిస్తే 205వ సెక్షన్ కింద ఆయన పరిహారం అడగొచ్చు. కాబట్టి ‘మీతో పని లేదు’ అని వాట్సాప్‌లో తొందరపడి పెట్టకండి. ఆ పార్టీకి ఫ్లాట్ మొదట చూపించింది ఆయనే అని తేలితే మాత్రం, బంధువుల పేరు చెప్పి తప్పించుకోవడం కష్టం.

2 శాతమంటే 1,36,000. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటేనే దానిపై 18 శాతం, అంటే 24,480 అడగాలి. నంబరు లేని బిల్లుకు పన్ను కట్టకండి.

ఆయనే బినామీగా కొనడం, మీకు చెప్పిన ధర కన్నా ఎక్కువ వసూలు చేసి తేడా మింగడం లాంటివి బయటపడితే, ఆ మేరకు కమీషన్ హక్కు పోతుంది (220వ సెక్షన్).

ప్రశ్న: కొల్లూరులో ప్రీలాంచ్ (రెరా నమోదుకు ముందే అమ్మే) ఫ్లాట్. ఏజెంటుకు రెరా నంబరుంది. డబ్బు కట్టొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: అది ఏజెంటు నంబరు. ప్రాజెక్టు నంబరు వేరు, తెలంగాణ రెరా సైట్‌లో రెండూ విడివిడిగా చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోతేనో, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోతేనో ప్రాజెక్టు నమోదు నుంచి మినహాయింపు ఉంది. ప్రీలాంచ్ టవర్లకు అది పనికిరాదు. నమోదు కాని ప్రాజెక్టు అమ్మించిన ఏజెంటుకు రోజుకు 10,000 చొప్పున, ఫ్లాటు ధరలో 5 శాతం దాకా జరిమానా పడుతుంది. నమోదయ్యాక కూడా, అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు.