కీవర్డ్ టైటిళ్ళు తీసుకోకండి, సైట్ పేరే టైటిల్‌గా ఉంచండి

మీరు అడిగింది ఇదీ: కొత్తగా ఒక వెబ్ డైరెక్టరీ, అంటే సైట్ల లింకులను కేటగిరీల వారీగా చూపించే జాబితా, మొదలుపెట్టారు. లింకులు పంపేవాళ్ళలో చాలామంది టైటిల్ దగ్గర సైట్ పేరు రాయకుండా "ఫ్రీ ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ - బెస్ట్ ఫోటో ఎడిటర్" లాంటి కీవర్డ్‌లు, అంటే జనం సెర్చ్‌లో వెతికే మాటలు, రాస్తున్నారు. వాటిని అలాగే తీసుకోవాలా, తిప్పి పంపాలా?

అలాగే తీసుకోవద్దు. తిప్పి పంపాల్సిన అవసరం కూడా చాలాసార్లు ఉండదు. నేను కొన్నేళ్ళు ఒక డైరెక్టరీలో వాలంటీర్ ఎడిటర్‌గా సాఫ్ట్‌వేర్ కేటగిరీలు చూసుకున్నాను. క్యూలో ఉన్న లింకులు ఒక్కొక్కటే తెరిచి చూసి, టైటిల్, వివరణ సరిచేసి లోపలికి పంపడమే నా పని. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది అక్కడే.

ముందు మీ డైరెక్టరీ చూడటానికి వచ్చే మనిషి గురించి ఆలోచించండి. ఆయన "ఫోటో ఎడిటింగ్" అనే కేటగిరీ తెరిచాడంటే, అక్కడ ఉన్నవన్నీ ఫోటో ఎడిటింగ్‌కి సంబంధించినవేనని ఆయనకు ముందే తెలుసు. ఇక ప్రతి టైటిల్లోనూ అవే మాటలు కనిపిస్తే ఆయనకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు. పైగా ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియదు. నేను బాధ్యత తీసుకున్న ఒక కేటగిరీ అచ్చం ఇలాగే ఉండేది. పేజీ అంతా "ఫ్రీ" అనీ "బెస్ట్" అనీ మొదలయ్యే వరసలే. ఏది ఎవరిదో తెలియాలంటే ఒక్కొక్క లింకూ నొక్కి చూడాల్సిందే. నిన్న చూసిన సైట్‌ని ఇవాళ మళ్ళీ వెతుక్కోవాలన్నా కుదరదు, ఎందుకంటే మనిషికి గుర్తుండేది పేరు. ఆ టైటిళ్ళన్నీ తీసేసి అసలు పేర్లు పెట్టాక అదే పేజీని పైనుంచి కిందికి ఒక్క చూపులో చదవగలిగాం. కొత్త సైట్ ఒక్కటి కూడా చేర్చలేదు, మారింది టైటిళ్ళే.

అక్షరక్రమంలో లింకులు చూపించే డైరెక్టరీ అయితే ఇంకో తలనొప్పి ఉంది. టైటిల్ ఇష్టమొచ్చినట్టు పెట్టుకోవచ్చని తెలిసిన మరుక్షణం అందరూ జాబితాలో పైకి ఎక్కే మాటతోనే మొదలుపెడతారు. నిజాయితీగా తన పేరు రాసినవాడు అట్టడుగుకు పోతాడు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఎడిటర్ పనికి కూడా పేరే ఆధారం. ఒకే యజమాని ఒకే సరుకుని రెండు మూడు డొమైన్ల (వెబ్ చిరునామాల) మీద పెట్టి, ఒక్కోదానికి ఒక్కో కీవర్డ్ టైటిల్‌తో పంపడం నేను తరచూ చూశాను. టైటిల్లో అసలు పేరే ఉండాలని పట్టుబడితే ఇలాంటి డూప్లికేట్లు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి, ఇట్టే దొరికిపోతాయి.

మరి వాళ్ళు ఎందుకంత పట్టుదలగా కీవర్డ్‌లు పెడతారు? దానికి కారణం సెర్చ్ ఇంజన్లు. 1998లో గూగుల్ వ్యవస్థాపకులు రాసిన పరిశోధన పత్రంలోనే ఉంది: ఒక పేజీ గురించి ఆ పేజీకంటే దానికి లింక్ ఇచ్చిన మాటలే చాలాసార్లు బాగా చెబుతాయి అని. ఆ మాటల్నే యాంకర్ టెక్స్ట్ అంటారు. డైరెక్టరీలో టైటిలే యాంకర్ టెక్స్ట్. అందుకని ఏ మాట వెతికితే సెర్చ్ ఫలితాల్లో తాము పైన కనిపించాలనుకున్నారో (దీన్నే ర్యాంక్ అంటారు) ఆ మాటనే టైటిల్‌గా ఇప్పించుకోవాలని అందరూ ప్రయత్నించారు. అదే 1998లో మొదలైన ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్ట్, అంటే డీమోజ్, దీనికి లొంగలేదు. టైటిల్ అంటే సైట్ అధికారిక పేరు, వివరణలో ప్రచారపు మాటలు ఉండకూడదు అని ఎడిటర్లకు రాసిపెట్టింది. 2017లో మూతపడేదాకా అదే నియమం. దాని డేటాని గూగుల్‌తో సహా ఎన్నో సైట్లు వాడుకున్నాయి కాబట్టి అక్కడ ఒత్తిడి మామూలుగా ఉండేది కాదు. అయినా ఆ నియమం నిలబడింది.

పంపేవాళ్ళకు కూడా కీవర్డ్ టైటిల్ ఇప్పుడు మేలు చేయదు. 2012 ఏప్రిల్లో గూగుల్ తన సెర్చ్ పద్ధతిలో పెంగ్విన్ అప్‌డేట్ అనే మార్పు తెచ్చింది. ర్యాంక్ కోసం అల్లిన లింకుల మీద, ముఖ్యంగా ఎక్కడ చూసినా ఒకే కీవర్డ్‌తో కనిపించే లింకుల మీద, ఆ దెబ్బ గట్టిగా పడింది. ఆ తర్వాత మా క్యూ తీరే మారిపోయింది. అంతకుముందు "దయచేసి ఈ కీవర్డ్ టైటిల్లో ఉంచండి" అని బతిమాలిన రకం మెయిళ్ళ స్థానంలో "దయచేసి ఆ లింక్ తీసేయండి, లేదా మా కంపెనీ పేరు పెట్టండి" అనే మెయిళ్ళు మొదలయ్యాయి. అదే ఏడాది అక్టోబర్లో, పనికిరాని లింకులను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకోవడానికి గూగుల్ డిసావో టూల్ కూడా ఇచ్చింది. నాసిరకం డైరెక్టరీల లింకులను గూగుల్ తన స్పామ్ నియమాల్లో పేరుపెట్టి మరీ చెబుతుంది. మీ డైరెక్టరీని ఆ లెక్కలో చేరనివ్వకండి.

ఇక ఆచరణ. మీ ఫారంలో టైటిల్ అనే పెట్టె తీసేసి "సైట్ పేరు (సైట్ మీద ఉన్నట్టే)" అని పెట్టండి. ఈ చిన్న మార్పుతోనే చాలావరకు తగ్గుతుంది. వివరణకు వేరే పెట్టె ఇవ్వండి. కీవర్డ్‌లు నిజంగా ఉపయోగపడేది అక్కడే, మామూలు వాక్యాల్లో. మీ సైట్‌లోని సెర్చ్ పేరుతో పాటు వివరణలో కూడా వెతికేలా చూసుకుంటే, పేరు తెలియకుండా అవసరం మాత్రమే తెలిసిన మనిషికి కూడా సరైన లింక్ దొరుకుతుంది. అయినా ఎవరైనా కీవర్డ్ టైటిల్ పంపితే, సైట్ బాగుంటే మీరే పేరు మార్చి చేర్చండి. టైటిల్ బాగాలేదని మంచి సైట్‌ని పోగొట్టుకుంటే నష్టం మీ పాఠకులకే.

చిక్కుముడి ఒకటుంది. కొన్ని సైట్ల అసలు పేరే కీవర్డ్. అప్పుడు లోగో, పేజీ అడుగున కాపీరైట్ వరస, "మా గురించి" పేజీ, ఈ మూడూ చూడండి. మూడింటిలోనూ అదే పేరుంటే మారుమాట్లాడకుండా తీసుకోండి. డొమైన్‌లో మాత్రమే కీవర్డ్ ఉండి, మిగతాచోట వేరే పేరుంటే ఆ వేరే పేరే రాయండి. పేరు పక్కన గీత గీసి ఒక్క కీవర్డ్ పెడతామని కొందరు బేరానికి వస్తారు. నేను ఒప్పుకోను. ఒక్కరికి ఒకటి ఇస్తే పక్కవాడు రెండు అడుగుతాడు, ఎక్కడ ఆపాలో చెప్పే నియమం మీ దగ్గర ఉండదు.

డబ్బు తీసుకుని చేర్చే లింకులకైనా ఇదే పద్ధతి పెట్టండి. ఆ లింకులకు, ఇవి డబ్బు తీసుకుని ఇచ్చినవని సెర్చ్ ఇంజన్లకు చెప్పే, 2019 నుంచి ఉన్న స్పాన్సర్డ్ ట్యాగ్ కానీ, ఈ లింక్‌ని ర్యాంక్ కోసం లెక్కపెట్టొద్దని చెప్పే పాత నోఫాలో కానీ తప్పకుండా తగిలించండి. డబ్బు కట్టేముందే "టైటిల్ సైట్ పేరే" అని వాళ్ళకు కనిపించేలా రాసి ఉంచండి, తర్వాత గొడవ రాదు. ఇప్పటికే చేరిపోయిన కీవర్డ్ టైటిళ్ళను ఎక్కువమంది చూసే కేటగిరీ నుంచి మొదలుపెట్టి మార్చుకుంటూ రండి. మార్చినట్టు యజమానులకు ఒక చిన్న మెయిల్ పెడితే చాలు.