తడి రాళ్ల మీద సైకిల్ తొక్కబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. వచ్చే ఏప్రిల్‌లో పారిస్–రూబే ఛాలెంజ్‌కి వస్తాననీ, 145 కిలోమీటర్ల దూరమే ఎంచుకుంటాననీ నువ్వు పెట్టిన మెసేజ్ చదివి చాలా సంతోషించాను. అక్క మాత్రం ఫోన్ చేసి, "వాన పడితే వద్దని చెప్పరా వాడికి" అంది. వాన పడదని ఏప్రిల్‌లో ఇక్కడ ఎవరూ మాట ఇవ్వలేరు. ఇక్కడ ఉత్తర ఫ్రాన్స్‌లో రాళ్లు పరిచిన పొలం బాటల మీద సాగే పారిస్–రూబే ప్రొఫెషనల్ సైకిల్ రేసు ఆదివారం జరుగుతుంది, మామూలువాళ్ల కోసం పెట్టే మీ ఛాలెంజ్ దానికి ముందురోజు శనివారం. అవే దార్లు, అవే రాళ్లు, అదే వాతావరణం. అందుకే వానే పడుతుందనుకుని సిద్ధమవ్వు. పొడిగా ఉంటే అది నీ అదృష్టం.

నువ్వు రోజూ తొక్కేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద, నున్నటి ట్రాక్ మీద. కాళ్లలో బలం రావడానికి అది చాలా మంచిది. కానీ అక్కడ నేర్చుకున్న అలవాట్లలో కొన్ని ఇక్కడ పనికిరావు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. తడి రాళ్ల మీదికి వెళ్లాక కొత్తగా ఏ పనీ పెట్టుకోకూడదు. గేరు మార్చడం, వేగం తగ్గించడం, నీళ్లు తాగడం, ఏదైనా తినడం, కళ్లజోడు తుడుచుకోవడం, ఎవరి వెనకాల వెళ్లాలో తేల్చుకోవడం, ఇవన్నీ తారు రోడ్డు మీద ఉండగానే అయిపోవాలి. రాళ్ల మీద నీకు మిగిలేవి రెండే పనులు: తొక్కడం, ముందుకు చూడటం.

ఎందుకో చెప్తాను. ఇవి చక్కెర దుంపల పొలాల మధ్య రైతులు వాడుకునే బాటలు. బండ్లూ ట్రాక్టర్లూ ఏళ్ల తరబడి తిరగడంతో రెండు పక్కలా చక్రాల జాడలు కుంగిపోయి, మధ్య భాగం ఎత్తుగా మిగిలింది. ఏ రెండు రాళ్లూ ఒకే ఎత్తులో ఉండవు. కొన్నిటి మధ్య సందులో టైరు దిగబడేంత ఖాళీ ఉంటుంది. పారిస్–రూబే మిత్రుల సంఘం పేరుతో కొంతమంది స్వచ్ఛందంగా పనిచేస్తుంటారు. ఊడిన రాళ్లు పాతడం, గుంతలు పూడ్చడం వాళ్ల పనే. వాళ్లు లేకపోతే ఈ రేసుకి దారే మిగిలేది కాదు. అయినా వాళ్లు ఎంత చేసినా ఈ బాట నున్నగా అవ్వదు, అవ్వాలని ఎవరూ కోరుకోరు కూడా. వాన పడితే పొలాల్లోని బంకమన్ను రాళ్ల మీదికి కొట్టుకొచ్చి సన్నటి పూతలా పరుచుకుంటుంది. ఆ పూత మీద టైరుకి పట్టు ఉండేది నిటారుగా, నేరుగా పోతున్నంతసేపే. బ్రేకు వేసినా, హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పినా, లేచి నిలబడి పెడల్ మీద బలంగా తొక్కినా ఆ పట్టు పోతుంది.

పొడి రోజున అందరూ దారి అంచున ఉండే మట్టి గీత మీదికి వెళ్లిపోతారు. అక్కడ కుదుపు తక్కువ. టీవీలో నువ్వు చూసిందీ అదే అయ్యుంటుంది. తడిలో ఆ అంచునే నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్ల కింద గుంత ఉందో, విరిగిన రాయి ఉందో పైకి తెలియదు. అడుగు కనబడని నీళ్లలోకి ముందు చక్రం దించకు. మధ్యలో ఎత్తుగా ఉన్నచోటే ఉండు. కుదుపు ఎక్కువైనా నీళ్లు నిలవవు కాబట్టి రాయి కనబడుతుంది. ఆ ఎత్తు మీంచి పక్కకి జారితే కంగారుపడి వెంటనే మళ్లీ ఎక్కబోకు. చాలామంది పడేది అప్పుడే. చక్రం అంచుకి వాలుగా తగిలి పక్కకి కొట్టుకుపోతుంది. దిగినచోటే నేరుగా పోనిచ్చి, చదును దొరికినప్పుడు మెల్లగా పైకి రా.

ఇక చేతులు. హ్యాండిల్ పైభాగాన్ని పట్టుకో, బొటనవేళ్లు కింద నుంచి చుట్టి ఉండాలి. అలాగని బిగించకు. కోడిపిల్లను పట్టుకున్నంత వదులుగా పట్టు. మోచేతులు కొంచెం వంచు, భుజాలు దించు. సైకిల్ నీ కింద ఇటూ అటూ ఆడుతుంది, ఆడనివ్వు. ముందు చక్రం ఒక అంగుళం పక్కకి జారి మళ్లీ తనంతట తనే దారిలోకి వస్తుంది. దాన్ని సరిచేయబోతేనే పడతావు. చూపు చక్రం దగ్గర పెట్టకు, ఇరవై అడుగుల ముందు పెట్టు.

తొక్కడం మాత్రం ఆపకు. మామూలుగా తొక్కే గేరు కంటే ఒకటి రెండు బరువైనది వేసుకుని, సీటు మీద స్థిరంగా కూర్చుని, ఒకే జోరుతో తొక్కుతూ ఉండు. కాళ్లలో బలం నడుస్తున్నంతసేపు వెనక చక్రం రాళ్ల మీంచి తేలిపోతుంది. తొక్కడం ఆపిన క్షణం నుంచి ప్రతి రాయీ నడుముకి తగులుతుంది, చైను ఎగిరి ఊడే ప్రమాదమూ ఎక్కువ. భయం వేసినప్పుడు కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. నువ్వు ముఖ్యంగా జయించాల్సింది ఆ అలవాటునే.

ఇప్పుడు గాలి సంగతి. ఈ ఒక్క విషయంలో నీతో గొడవైనా పడతాను కానీ ఊరుకోను. హైదరాబాద్‌లో నువ్వు 28 మిల్లీమీటర్ల టైర్లకి 85 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కిస్తావని నాకు తెలుసు. అంత గాలితో తడి రాళ్ల మీదికి వస్తే సైకిల్ ప్రతి రాయి మీంచి ఎగురుతుంది. టైరు గాల్లో ఉన్నప్పుడు పట్టు అనేదే లేదు. 32 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైర్లు వేయించు. అంతకంటే ముందు నీ ఫ్రేమ్‌లో అవి పట్టి, ఇంకా బురదకి చోటు మిగులుతుందో లేదో చూసుకో. నీ బరువున్న మనిషికి వెనక 50 పీఎస్ఐ, ముందు 46 దగ్గర మొదలుపెట్టవచ్చు. ట్యూబ్ ఉన్న టైరులో అంత తక్కువ పెడితే రాయి అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పంక్చర్ అవుతుంది, అందుకే ట్యూబ్‌లెస్ అంటున్నాను. రిమ్ము రాయికి తగిలి టక్కుమన్న చప్పుడు ఎప్పుడో ఒకసారి వినబడితే ఫరవాలేదు. మాటిమాటికీ వినబడితే రెండు పీఎస్ఐ పెంచు.

2021 రేసు వీడియో మొత్తం కూర్చుని చూడు. కరోనా వల్ల ఆ ఏడాది ఏప్రిల్‌లో జరగాల్సింది అక్టోబర్ 3కి వాయిదా పడింది. 2002 తర్వాత నిజంగా తడిసిన రూబే అదే. చివరి గంటలో ఇటలీ కుర్రాడు జాన్ని మోస్కోన్ ఒంటరిగా ముందున్నాడు. పంక్చర్ అయింది. సైకిల్ మార్చుకున్నాడు. ఆ తర్వాత కాసేపటికే రాళ్ల మీద జారి పడ్డాడు. మార్చుకున్న సైకిల్ టైర్లలో గాలి ఎక్కువగా ఉందేమోనన్న చర్చ అప్పట్లో గట్టిగా నడిచింది. గెలిచింది సోనీ కోల్‌బ్రెల్లి, రెండో స్థానం ఫ్లోరియాన్ వెర్మెర్ష్, మూడోది మాథ్యూ వాన్ డెర్ పూల్. ముగ్గురికీ రూబేలో అదే మొదటిసారి. మొదటిసారి వచ్చినవాడు తడిలో నిలబడలేడు అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుపెట్టుకో. కోల్‌బ్రెల్లి భుజాలు ఎంత వదులుగా ఉన్నాయో, మలుపుకి ముందు ఎంత తొందరగా వేగం తగ్గిస్తున్నాడో గమనించు.

దానికి ముందురోజే మహిళల తొలి పారిస్–రూబే జరిగింది. లిజీ డైగ్నన్ 80 కిలోమీటర్లకి పైగా ఒంటరిగా తొక్కి గెలిచింది. రేసు అయ్యాక ఆమె హ్యాండిల్ టేపు మీద నెత్తురు మరకలు. ఆమె గ్లవుజులు వేసుకోలేదు. నువ్వు వేసుకో. హ్యాండిల్‌కి టేపు రెండు పొరలు చుట్టించు. వేలికి ఉన్న ఉంగరం హోటల్లోనే తీసి పెట్టు. ఆ కుదుపుకి వేళ్లు వాస్తాయి, ఉంగరం మాంసంలోకి దిగుతుంది. తాత ఇచ్చినదైనా సరే తీసేయ్.

ఆరెన్‌బర్గ్ అడవి బాట గురించి విడిగా చెప్పాలి. 145 కిలోమీటర్ల దారిలో అది వస్తుంది. దాదాపు 2.3 కిలోమీటర్లు, గీత గీసినట్టు నేరుగా ఉంటుంది. అంతకుముందు ఆ నేల కింద గనిలో పనిచేసిన జాన్ స్టాబ్లిన్‌స్కీ అనే రేసర్ సూచన మీద 1968లో దాన్ని రేసులో చేర్చారు. రెండు పక్కలా చెట్లు కమ్ముకుని ఉండటంతో అక్కడి రాళ్లు ఆరవు. నాచు పడుతుంది, రాళ్ల మధ్య గడ్డి మొలుస్తుంది. ఆ గడ్డిని మేపడానికి ఈమధ్య మేకలను కూడా తోలారు. బాట మొదట్లో కొంచెం పల్లం, అందుకే తెలియకుండానే వేగం పెరిగిపోతుంది. ప్రొఫెషనల్స్ చోటు కోసం ఒకరినొకరు తోసుకుంటూ గంటకి 60 కిలోమీటర్ల దగ్గర అందులోకి దూకేవాళ్లు. ఆ వేగం తగ్గించడానికని 2024లో బాట ముందు ఒక అడ్డ మలుపు పెట్టారు. 1998లో బెల్జియం రేసర్ యోహాన్ మ్యూసీవ్ ఇక్కడే పడి మోకాటి చిప్ప పగలగొట్టుకున్నాడు. గాయంలో ఇన్ఫెక్షన్ చేరి కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత వరకూ పోయింది. రెండేళ్ల తర్వాత అతనే ఈ రేసు గెలిచి, గీత దాటుతూ ఆ మోకాలు పైకెత్తి చూపించాడు. 2002లో ఆ బురదలోనూ గెలిచాడు. నీకు తోసుకోవాల్సిన అవసరం లేదు కదా. రాళ్లకి వంద మీటర్ల ముందే బ్రేకులు వేసి నీకు నచ్చిన వేగానికి దిగు, గేరు సరిచూసుకో, గట్టిగా ఊపిరి వదులు, అప్పుడు లోపలికి వెళ్లు. పక్కనున్న ఫెన్సింగ్ అవతల నున్నటి కాలిబాట ఊరిస్తుంది. అటు చూడకు.

మోన్‌-ఆన్‌-పెవెల్, కార్ఫూర్ ద లార్బ్ర్ రెండూ ఆరెన్‌బర్గ్‌లాగే, కష్టాన్ని బట్టి ఇచ్చే నక్షత్రాల్లో అత్యధికంగా ఐదు పొందిన బాటలే. వాటిలో మలుపులు ఉంటాయి, అవి వచ్చేసరికి నువ్వు అలిసిపోయి ఉంటావు. మలుపుకి ముందే నెమ్మదించి, లోపల సైకిల్‌ని ఎంత తక్కువ వంచగలిగితే అంత తక్కువ వంచు. 2025లో, అప్పటి ప్రపంచ ఛాంపియన్ పోగాచార్ అంతటివాడు, ముందున్న ఇద్దరిలో ఒకడిగా ఉండి, ఒక మలుపులో వేగం సరిగా అంచనా వేయలేక బారికేడ్లలోకి పోయాడు. వాన్ డెర్ పూల్ వరసగా మూడోసారి గెలిచాడు.

ముందువాడి వెనక చక్రానికి అతుక్కుని పోయే అలవాటు నీకుంది. రాళ్ల మీద రెండు సైకిళ్ల దూరం వదులు, అదీ కొంచెం పక్కగా. అతను ఎగజల్లే బురద నీ కళ్లలో పడదు, రాయి కనబడుతుంది, అతను పడితే తప్పుకోవడానికి చోటుంటుంది. ఎవరైనా పడ్డప్పుడు పడ్డ మనిషినే చూస్తూ ఉండకు, ఎటు ఖాళీ ఉందో అటు చూడు. అవసరమైతే పొలంలోకి పో, బురద మెత్తగానే ఉంటుంది. నువ్వే పడితే ముందు రాళ్ల మీంచి పక్కకి జరుగు, వెనకాల జనం వస్తుంటారు. తర్వాత హ్యాండిల్ నేరుగా ఉందా, వెనక గేరు వేలాడే కొక్కెం వంగిందా, బ్రేకు డిస్క్ రాసుకుంటోందా చూసుకో. హెల్మెట్‌కి పగులు కనబడితే, తల తిరుగుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపేసి నాకు ఫోన్ చెయ్. నేను కారుతో దగ్గర్లోనే ఉంటాను.

తిండీ నీళ్లూ. మూత ఉన్న బాటిళ్లే తెచ్చుకో. పొలాల బురదలో పశువుల పేడ కలిసి ఉంటుంది, అది బాటిల్ మూతికి అంటి నోట్లోకి పోతే మర్నాటికి కడుపు పాడవుతుంది. బాటిల్ పెట్టే పంజరం వదులుగా ఉంటే మొదటి రాళ్ల మీదే ఎగిరిపోతుంది, నొక్కి బిగించు. ఒక బాట అయిపోగానే తారు రోడ్డు మీద రెండు గుటకలు తాగు, ఏదో ఒకటి నములు. ఆకలి వేశాక తిందామనుకుంటే అప్పటికి మళ్లీ రాళ్ల మీద ఉంటావు, చేతులు ఖాళీ ఉండవు. తారు రోడ్డు మీద కూడా ఏమరుపాటు వద్దు. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, టైరుకి అంటిన బురద, ఈ మూడూ కలిసినచోట చాలామంది జారతారు.

చలి గురించి అక్క చెప్పేవన్నీ విను. పొద్దున పది డిగ్రీలు కూడా ఉండదు, తడిస్తే వేళ్లు మొద్దుబారి బ్రేకు మీద పట్టు తెలియదు. షూ కవర్లు, లోపల పల్చటి ఊలు బనియన్, రంగులేని అద్దాల కళ్లజోడు తప్పనిసరి.

ఇప్పుడు అక్కడ వానలు పడుతున్నాయి కాబట్టి ఈ నెలలన్నీ వాడుకో. వారానికి ఒక్కరోజు ఆ ట్రాక్ వదిలేసి, చేవెళ్ల దాటాక పొలాల మధ్య బాటలు ఉంటాయి చూడు, తడిగా ఉన్నప్పుడు వాటి మీదికి వెళ్లు. టైర్లలో గాలి తగ్గించి, చేతులు వదులు చేసి, కూర్చునే తొక్కు. చక్రం కింద జారుతున్నా కంగారు పడకుండా ఉండటం ఒంటికి అలవాటు కావాలి, అది ఎవరి ఉత్తరం చదివినా రాదు. ఇక్కడికి కనీసం మూడు రోజులు ముందుగా రా. గురువారం ఇద్దరం కలిసి కార్ఫూర్ ద లార్బ్ర్ మీద రెండు మూడుసార్లు తిరిగి వద్దాం, శుక్రవారం కాళ్లకి విశ్రాంతి.

ఈలోగా నీ ఫ్రేమ్ మోడల్, ఫోర్కులో టైరుకి రెండు పక్కలా ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉందో, ఇప్పటి నీ బరువు ఎంతో రాసి పంపు. 32 పట్టకపోతే ఇక్కడి క్లబ్బులో ఎవరిదైనా సైకిల్ నీ ఎత్తుకి సరిపోయేది ఇప్పటినుంచే అడిగి పెడతాను.

మీ
మావయ్య
లిల్, ఫ్రాన్స్