రోజూ ‘విల్ గో’ ఎందుకు రాస్తారు?

ప్రశ్న: మేడమ్, నేను నల్గొండ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో ఇంగ్లీష్ చెబుతున్నాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు ‘మై ఫాదర్ విల్ గో టు ఫీల్డ్ డైలీ’ అని రాస్తారు. ఎర్ర పెన్నుతో ఎన్నిసార్లు కొట్టేసినా మళ్లీ అదే. ఈమధ్య ఒక ట్రైనింగ్‌లో ఇంగ్లీష్ టీచర్‌కి భాషాశాస్త్రం తెలియాలంటూ ఫోనీమ్ (మాట అర్థాన్ని మార్చగల ధ్వని), మార్ఫీమ్ (అర్థమున్న అతి చిన్న ముక్క) అని నిర్వచనాలు రాయించారు. అవి నేర్చుకుంటే మా పిల్లలకు ఏం ఒరుగుతుంది?

జవాబు: నిర్వచనాలు అప్పజెప్పడం వల్ల ఏమీ ఒరగదండీ. కానీ మీరు రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే భాషాశాస్త్రం మీకు పనికొస్తుంది. ‘మా నాన్న రోజూ పొలం వెళ్తాడు’, ‘మా నాన్న రేపు హైదరాబాద్ వెళ్తాడు’ అంటాం కదా, రెండు చోట్లా క్రియ ఒకటే. అలవాటుకీ భవిష్యత్తుకీ తెలుగులో ఒకే రూపం సరిపోతుంది (‘వెళ్లడు’ కూడా అంతే), రోజూనా రేపా అన్న సంగతి పక్కనున్న మాట చెబుతుంది. ‘వెళ్తాడు’ అంటే ‘విల్ గో’ అని ఆ పిల్లవాడు ఏదో ఒక తరగతిలో నేర్చుకున్నాడు, ఆ సూత్రాన్నే తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. కాబట్టి మీరు కొట్టేసింది ఒక మాటనే, వాడి బుర్రలో ఉన్న సూత్రం అలాగే ఉంది.

బోర్డు మీద ఆ రెండు తెలుగు వాక్యాలూ రాసి, ఇంగ్లీషులో రెండూ ఎందుకు విడిపోతాయో పిల్లల్నే అడగండి. తర్వాత ‘రోజూ’ గడి, ‘రేపు’ గడి గీసి వాళ్ల ఇంటి సంగతులే వాక్యాలుగా చెప్పించండి. ఇంగ్లీష్ పీరియడ్‌లో తెలుగు వినపడకూడదనే పట్టుదల ఇక్కడ వదిలేయాల్సిందే, ఎందుకంటే చిక్కుముడి ఉన్నదే తెలుగులో.

‘విల్’ పోయాక ‘మై ఫాదర్ గో’ అని రాస్తారు, దానికి టెన్షన్ పడకండి. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది అని కర్తను బట్టి క్రియ చివర మార్చడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్యే, ఇంగ్లీష్ వర్తమానంలో మాత్రం అది చాలావరకు అరిగిపోయి ‘గోస్’ చివరున్న ఆ ఒక్క ‘ఎస్’ దగ్గర మిగిలింది. ఇంగ్లీషే మాతృభాషగా పెరిగే అమెరికన్ పిల్లల్ని గమనించి రోజర్ బ్రౌన్ అనే మనస్తత్వవేత్త 1973లో రాసినదాంట్లో కూడా బహువచనం ‘ఎస్’ ముందు వచ్చింది, క్రియకు చేరే ఈ ‘ఎస్’ బాగా ఆలస్యంగా వచ్చింది. ఒక్క యూనిట్ టెస్టుతో అది కుదురుతుందని ఆశించడం న్యాయం కాదు.

ఇంకోటి. ప్రతి తప్పునీ తెలుగు నెత్తిన రుద్దకండి. ‘వెంట్’, ‘కేమ్’ బదులు ‘గోడ్’, ‘కమ్డ్’ అనేవాడు తెలుగును అనుకరించడం లేదు, గతకాలానికి చేర్చే ‘ఈడీ’ సూత్రాన్ని అన్నిటికీ అంటిస్తున్నాడు. ఇంగ్లీష్ ఇళ్లలో పుట్టిన పిల్లలూ అదే చేస్తారు. 1967లో పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త చూపించిన తేడా ఒకటుంది, నాకు తెలిసి టీచర్‌కి ఇంతకన్నా అక్కరకొచ్చే మాట ఈ శాస్త్రంలో తక్కువ. పొరపాటున జారిపోయిన తప్పు వేరు, సూత్రమే వేరుగా ఉండడం వల్ల వచ్చిన తప్పు వేరు. నోట్‌బుక్ తిరిగిచ్చి ‘ఇంకోసారి చదువుకోరా’ అనండి. వాడే దిద్దుకుంటే వదిలేయండి, దిద్దుకోలేకపోతే అక్కడ పాఠం చెప్పాలి.

ప్రశ్న: పిల్లలు ‘వాకెడ్’, ‘జంపెడ్’ అని చదువుతున్నారు. ఏ మాటకు ఏ ఉచ్చారణో జాబితా ఇచ్చి బట్టీ పట్టించాలా?
– ఒక ప్రైవేట్ స్కూల్ టీచర్, ఏలూరు

జవాబు: వద్దండీ. మీ స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మాస్టారిని అడగండి, సగం పాఠం ఆయనే చెప్పేస్తారు. క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. గొంతు మీద వేలు పెట్టి ‘ప్’, ‘బ్’ అని చూస్తే రెండోదానికి అదురు తెలుస్తుంది. మాట చివర పరుషం ఉంటే ‘ఈడీ’ని ‘ట్’ అని పలకాలి: వాక్ట్, జంప్ట్. చివరి ధ్వనికి గొంతు అదిరితే ‘డ్’: బెగ్డ్, ప్లేడ్, క్లీన్డ్. మాట చివరే ‘ట్’ గానీ ‘డ్’ గానీ ఉంటే అప్పుడు మాత్రం ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. స, ష, ఫ ధ్వనులు కూడా ఇక్కడ పరుషాల జట్టులోకే వస్తాయి, అందుకే వాష్ట్, లాఫ్ట్. స్పెల్లింగ్ చూడకుండా నోటితో పలికించి నిర్ణయించమనండి, ఎందుకంటే ‘లాఫ్’ చివర రాతలో ‘ఎఫ్’ లేనే లేదు. పక్క ధ్వనిని బట్టి ధ్వని మారడం మనకు కొత్త కాదు, ‘పూచెను కలువలు’ కలిసి ‘పూచెఁ గలువలు’ అవుతుందని సంధుల్లో చదువుకున్నదే కదా. పిల్లలకు ఆ గుర్తింపు కలిగినప్పుడు వచ్చే ధైర్యం చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ప్రశ్న: ‘డిడ్న్ట్ హి కమ్?’ అంటే ‘ఎస్, హి డిడ్న్ట్’ అంటారు. ఏం చేయను?

జవాబు: ‘రాలేదా?’ అంటే మనం ‘అవును, రాలేదు’ అంటాం, అంటే మీరన్నది నిజమే అని. ఇంగ్లీషులో ఎదుటివాళ్ల మాటతో పని లేదు, వచ్చాడా లేదా అన్నదే చూస్తారు: రాకపోతే ‘నో’. ఇద్దరిద్దర్ని నిలబెట్టి, హాజరు పట్టీలో ఆ రోజు రానివాళ్ల పేర్లతో పది నిమిషాలు ఇవే ప్రశ్నలు అడిగించండి.